మొదటి సోమవారం డిస్కు

పోయిన వారం చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నన్ను నెహ్రూ నగర్ ల్యాబులో టేబుల్ కింద, కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పుతూ ఉండగా వదిలేశాం. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నా పేరు పద్మశ్రీ. సెక్టర్ 4 మార్కెట్లో కంప్యూటర్లు బాగుచేస్తాను. ఈ ల్యాబు డాక్టర్ సత్యారావు గారిది. ఇందులో టెక్నీషియన్ రజనీకుమారి, ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. రెండేళ్ల కిందట, 2023 మార్చి ఆరో తారీఖున, చిన్నమ్మలు అనే గర్భిణికి రక్తం గ్రూపు బి పాజిటివ్ అని ఇక్కణ్నుంచి కాగితం వెళ్లింది. అసలు ఆవిడది ఏ నెగెటివ్. మొదటి కాన్పు చేసిన నర్సింగ్‌హోమ్ వాళ్లు ఆ కాగితాన్నే నమ్మి, నెగెటివ్ వాళ్లకి వేయాల్సిన ఇంజెక్షన్ వేయలేదు. దాని ఫలితం రెండో బిడ్డ మీద పడింది. పుట్టి పదకొండు రోజులైన ఆ బిడ్డకి పెద్దాస్పత్రిలో రక్తం మార్చారు. కాగితం కింద సంతకం రజనిది.

"నేను ఏ నెగెటివ్ అనే కొట్టాను. అరుదుగా వచ్చే గ్రూపు, నాకు బాగా గుర్తు. కంప్యూటర్ తీసి చూడండి," అని ఆ పిల్ల మొదటి రోజు నుంచీ ఒకటే మాట. తీసి చూస్తే ఆ రోజుది ఏమీ లేదు. పైగా చిన్నమ్మలు కాగితం మీద నంబరు 1406. ఆ వారంలో కంప్యూటర్లో నడుస్తున్న నంబర్లు తొమ్మిది వేల పైచిలుకు. తప్పు బయటపడుతుందని రజనే ఆ రోజంతా చెరిపేసి, తర్వాతెప్పుడో దొంగ నంబరుతో కాగితం పుట్టించిందని డాక్టరు గారి అనుమానం. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆయన చిన్నమ్మలు భర్త సుభాష్‌ని వెంటబెట్టుకుని వస్తానన్నారు. అప్పటికి రికార్డు దొరక్కపోతే, చెరిపేసిందని రాసిచ్చేస్తారు. అలా రాసిచ్చాక దుర్గ్ నుంచి రాయపూర్ దాకా ఏ ల్యాబూ ఆ పిల్ల చేతికి సూది ఇవ్వదు.

ఇదీ సంగతి. ఇప్పుడు మధ్యాహ్నం రెండు కావస్తోంది.

పొద్దున్నే వచ్చి నేను చేసిన మొదటి పని, కంప్యూటర్లో ఉన్న డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో కొత్త డిస్కులోకి దింపుకోవడం. ఫైళ్లు మాత్రం ఎత్తి పక్కన పెట్టుకుంటే ఈ మెషిన్‌కి చాలదు. ఇందులో నడిచే ల్యాబు ప్రోగ్రాం రాసినవాడు ఎప్పుడో దుకాణం ఎత్తేశాడు, మళ్లీ ఎక్కించాలంటే దిక్కు లేదు. అంచేత మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా కాపీ తీస్తేనే, రేపు పాతది పోయినా కొత్తది పెట్టగానే మెషిన్ లేచి నిలబడుతుంది. వెతకడం కూడా కాపీలోనే వెతకాలి, అసలుదాన్ని ముట్టుకోకూడదు. ఇది నా నియమం. జనం డబ్బా తెచ్చేసి "ఫొటోలు పోయాయి దీదీ" అని ఏడ్చేది ఈ నియమం లేకే.

కాపీలో పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను. మార్చి ఆరు లేదు. సరే, ఇంకేం లేవో చూద్దామని తారీఖులు వరసగా రాసుకుంటూ పోయాను. 2022 ఫిబ్రవరి ఏడు లేదు. మార్చి ఏడు లేదు. ఏప్రిల్ నాలుగు లేదు. అలా పన్నెండు తారీఖులు రాసేసరికి గోడ మీద క్యాలెండర్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. అన్నీ సోమవారాలే, అదీ నెలలో మొదటివి. ఇంకా సంగతేమిటంటే, ఎవరైనా రిపోర్టు చెరిపేస్తే దాని నంబరు కూడా పోయి మధ్యలో ఖాళీ మిగలాలి. ఇక్కడ ఖాళీ లేదు. 2023 మార్చి నాలుగు శనివారం ఆఖరి నంబరు 9811, ఏడో తారీఖు మంగళవారం మొదటి నంబరు 9812.

"రజనీ, ఇలా రా," అన్నాను. "ఆ సోమవారం ఎంతమంది వచ్చారు?"

ఆ పిల్ల రిజిస్టర్ తెచ్చి వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇరవై ఏడు మంది దీదీ. సంతకాలు ఉన్నాయి కదా."

"ఇరవై ఏడు మందికి రక్తం తీసి ఒక్క నంబరూ ఖర్చు కాలేదంటే, నువ్వు చెరపలేదు. ఆ రోజు అసలు ఈ డిస్కు పనే చెయ్యలేదు."

"మరి నేను టైపు కొట్టింది దేంట్లో?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గురునాథరావు. డెబ్భై ఒక్క ఏళ్లు. ఉక్కు ప్లాంటు పంపుహౌసులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు, క్యాంప్ 1 బస్తీలో ఉంటాడు. రజనికి స్వయానా పెదనాన్న, ఈ ఉద్యోగం పెట్టించింది కూడా ఆయనే. ల్యాబు షట్టర్ ఎత్తడం, ఇన్వర్టర్‌లో నీళ్లు చూడడం, వచ్చినవాళ్ల పేర్లు రాయడం ఆయన పని. మా నాన్నతో ఒకే షిఫ్టులో చేసిన మనిషి కాబట్టి నాకు బాబాయి.

"బాబాయ్, మూడేళ్ల కిందట నేనో డిస్కు కాపీ తీసిచ్చాను నీకు. ఎక్కడుంది?"

"బీరువాలో ఉందమ్మా. రన్నింగ్ కండీషన్లో ఉంచినాను."

రన్నింగ్ కండీషన్. నాకు చెవులు నిక్కాయి.

"అంటే ఏంటి బాబాయ్?"

"ఏటమ్మా, అలాగడుగుతావు. స్టాండ్‌బై కదా అది. స్టాండ్‌బైని ఊరికే కూకోబెడితే జామైపోద్ది. మా పంపుహౌసులో నెలకి మొదటి సోమారం తిరిగే పంపు ఆపీసి, స్టాండ్‌బై పంపుని ఓ షిఫ్టు తిప్పీవోళ్లం. నాను డూటీలో ఉన్నన్నాళ్లూ ఒక్క సోమారం తప్పలేదు."

"దీన్ని కూడా తిప్పావా?"

"తిప్పనా మరి? మొదటి సోమారం పొద్దున్న ఏడింటికొచ్చి అది పెట్టీడం, సాయంత్రం మళ్లీ ఇది పెట్టీడం. రెండు స్క్రూలు, రెండు వైర్లు. నువ్వే కదా సూపించావు."

నేనే చూపించాను. అది పోతే ఇది పెట్టుకో అని చెప్పి, స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చి వెళ్లాను. అది పోయేదాకా దీన్ని ఆయన ఏం చేస్తాడో అడగలేదు. ప్లాంటు మనుషుల మధ్య పుట్టి పెరిగినదాన్ని, స్టాండ్‌బై అనే మాట వాళ్ల నోట్లో ఎలా తిరుగుతుందో నాకు తెలియక కాదు. బుద్ధి లేక అడగలేదు, అంతే.

"బాబాయ్," అన్నాను, "ఏ పంపు తోడినా నీళ్లు ఒకే గొట్టంలో పడతాయి. డిస్కు అలా కాదు. ఏ రోజు ఏది తిరిగితే ఆ రోజు రాసింది దాంట్లోనే ఉండిపోతుంది. ప్రతి నెలా ఒక రోజు రిపోర్టులు నువ్వు తీసుకెళ్లి బీరువాలో పెట్టేశావు."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. నా వంక చూశాడు, రజని వంక చూశాడు, మళ్లీ కంప్యూటర్ వంక చూశాడు. "అప్పుడప్పుడు పాత రిపోర్టు కంప్యూటర్ మింగీసిందని అనుకునేవోళ్లం," అన్నాడు నెమ్మదిగా. "అదేనా?"

"అదే."

రజనిని అడిగితే, కొత్త పేరు అని నొక్కగానే ఖాళీ పేజీ వస్తుంది, కింద పడే నంబరు ఎవరు చూస్తారు దీదీ అంది. నిజమే, నేనైనా చూడను. ఆ పిల్లకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. స్టూలు మీద కూర్చుని చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"పది రోజుల నుంచీ మా అమ్మ కూడా అడుగుతోంది దీదీ. చెరిపేశావా, నాతో చెప్పు, ఎవరికీ చెప్పను అని. సొంత అమ్మ."

గురునాథరావు బీరువా తెరిచి ఓ స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాడు. అందులో ప్లాంటులో నూనె తుడుచుకునే దూది పోగుల మధ్య డిస్కు ఉంది. దానితోపాటు ఓ అట్టముక్క. మొదటి సోమవారాలు వరసగా వేసి, ఎన్ని గంటలు తిప్పాడో రాసి, చివర ఓకే అని పొట్టి సంతకం పెట్టాడు. 06-03-23 ఉంది. పది గంటలు, ఓకే. నేను కోప్పడదామనుకున్నాను గానీ ఆ అట్టముక్క చూశాక నోరు రాలేదు.

డిస్కు తగిలించి కరెంటు ఇవ్వగానే టిక్కు, టిక్కు మని చప్పుడు మొదలైంది. లోపల సూది దారి దొరక్క తడుముకునే చప్పుడది. ఇలాంటివి నా చేతుల్లో చాలా పోయాయి. ఇంకో రెండుసార్లు ఆన్ చేస్తే ఇక లేవదని వాళ్లిద్దరికీ చెప్పాను. ముందు కాపీ తీయాలి, దానికి రెండు గంటల పైన పడుతుంది, తర్వాతే చూడటం అని కూడా చెప్పాను.

"డాక్టర్ సాబ్ నాలుగింటికి వచ్చేస్తారు దీదీ," అంది రజని. "ఒక్కసారి చూపించండి, బస్, అంతే. ఏ నెగెటివ్ అని కనిపిస్తే చాలు నాకు. తర్వాత మీ ఇష్టం."

నా నియమం నేనే తప్పాను. ఆ పిల్ల ముఖం చూసి తప్పాను, ఇందులో దాచడానికేమీ లేదు.

మెషిన్ లేవడానికి ఆరు నిమిషాలు పట్టింది. ప్రోగ్రాం తెరిచి తారీఖు కొట్టాను. ఇరవై ఏడు వరసలు వచ్చాయి. రజని నా భుజం మీద చెయ్యి వేసి వంగింది. గురునాథరావు కళ్లజోడు తెచ్చుకోలేదు కాబట్టి నేను బయటికి చదివాను.

"1406. చిన్నమ్మలు, ఇరవై నాలుగేళ్లు. బి పాజిటివ్. ఎంట్రీ రజనీకుమారి, పదకొండు నలభై రెండు."

భుజం మీద చెయ్యి బిగిసింది. టిక్కు, టిక్కు అని డిస్కు ఒకటే కొట్టుకుంటోంది. నాకు ముందు ఒళ్లు మండింది. ఇంతసేపు ఈ పిల్ల జ్ఞాపకాన్ని నమ్మి, నా పని నేను చెడగొట్టుకున్నానే అని. రజని మాత్రం ఆ వరస మీదే ఆగలేదు. ఆమె చూపు కిందకి వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, మళ్లీ కిందకి వెళ్లింది. నేనది చూశాను గానీ పట్టించుకోలేదు.

"దీదీ," అంది. "కాపీ తియ్యొద్దు."

"ఏం?"

"వద్దు. దీన్ని ఇలాగే పోనీ. ఇంకో రెండుసార్లు ఆన్ చేస్తే పోతుందన్నారు కదా. చేసేద్దాం."

"పొద్దుట్నుంచీ ప్రాణం తీసి వెతికించింది నువ్వు. పేరు పోతోందన్నావు. ఇప్పుడు దొరికింది నీకు నచ్చలేదని పారేస్తామా?"

"చెరిపానని అనుకోనీ. నేను పడతాను."

ఇదేం మాటో నాకు అర్థం కాలేదు. చెరిపిన మనిషి కన్నా పొరపడిన మనిషికి శిక్ష తక్కువ కదా. భయంతో మతి పోయిందనుకున్నాను. ఈలోగా గురునాథరావు టేబుల్ పక్కకి వచ్చి వైరు మీద చెయ్యి వేశాడు.

"మా రజని గుంట వొద్దంటంది కదమ్మా, ఒగ్గీ, వదిలీ. నానెట్టిన స్టాండ్‌బై, నానే పీకీస్తాను. దొరకలేదని సెప్పీ."

అన్నాడు గానీ, పీకలేదు. నా వైపే చూస్తున్నాడు, నేను ఊఁ అంటానేమోనని. ఆ క్షణంలో నాకూ అనాలనిపించింది. రజని కుర్రది, ముందు బోలెడు బతుకుంది, ఈ ముసలాయన ఎప్పుడూ ఎవరికీ చెడు చేసినవాడు కాడు. అవతల పదకొండు రోజుల బిడ్డ ఉంది. దాని అమ్మానాన్నలకి ఏం జరిగిందో తెలియాలి. ఊరికే ఉండలేక, కింది వరస కూడా చదివాను.

"1407. అమ్ము, తొమ్మిదేళ్లు. ఏ నెగెటివ్. పదకొండు నలభై మూడు. ఎవరీ అమ్ము?"

వైరు మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మా అమ్ము," అన్నాడు గురునాథరావు. "మా పెద్దోడి కూతురు. స్కూల్ ఫారంలో బ్లడ్ గ్రూప్ రాయాలంటే ఆ రోజు తీసుకొచ్చినాను."

"పిల్లది నిజంగా ఏ నెగెటివేనా?"

"ఏమోనమ్మా. కాగితం మీద అదే ఉంది. ఐడీ కార్డు మీదా అదే. దినామూ మెడలో ఏసుకునే పోతంది."

అప్పుడు వెలిగింది నాకు. రజని జ్ఞాపకం అబద్ధం కాదు. ఆ రోజు ఏ నెగెటివ్ అని కొట్టింది, నిజమే. నిమిషం తేడాతో రెండు ట్యూబులు చూసింది, రెండింటి గ్రూపులూ సరిగ్గానే చూసింది. ట్యూబుల మీద పేర్లే అటూ ఇటూ అయ్యాయి. చిన్నమ్మలు రక్తం అమ్ము పేరుతో ఎక్కింది, అమ్ము రక్తం చిన్నమ్మలు పేరుతో ఎక్కింది. అమ్ముకి ఎప్పుడైనా రక్తం కావాల్సి వస్తే, ఎక్కించే ముందు మళ్లీ పరీక్ష చేస్తారు, చెయ్యాలి. ఆ నర్సింగ్‌హోమ్ వాళ్లు కూడా చెయ్యాల్సింది, చెయ్యలేదు. రెండేళ్లుగా అమ్ము వేరేవాళ్ల గ్రూపు మెడలో కట్టుకుని స్కూలుకి వెళ్తోంది.

ఇదంతా వాళ్లకి చెప్పాను. చెబుతున్నంతసేపూ రజని నన్ను చూడలేదు.

గురునాథరావు వైరు వదిలేసి వెనక్కి జరిగాడు. "కాపీ తియ్యమ్మా," అన్నాడు.

"పెదనాన్నా, వద్దు," అంది రజని. "అమ్ముకి ఇవాళే మళ్లీ టెస్ట్ చేస్తాను. కార్డు మార్పిద్దాం. సుభాష్ భయ్యాకి నేను చెప్పుకుంటాను. ఇది మాత్రం వద్దు."

"తియ్యమ్మా అంటన్నాను," అన్నాడాయన, ఆ పిల్లతో కాదు, నాతో.

రజని మీద నాకున్న జాలి అక్కడ కాస్త తగ్గింది. ఇంట్లో పిల్ల గురించి తెలిశాక కూడా తన సంగతే చూసుకుంటోందనిపించింది. మెషిన్ ఆపాను. పక్కన ఖాళీ డిస్కు తగిలించి, నా పెన్‌డ్రైవ్‌తో లేపాను. దేన్నుంచి అంటే టిక్కుమనే దాన్ని చూపించాను, దేనిలోకి అంటే ఖాళీదాన్ని చూపించాను. ఒకటికి మూడుసార్లు చూసుకుని సరే నొక్కాను. ఒక శాతం అని పడటానికే మూడు నిమిషాలు తీసుకుంది.

డాక్టరు గారు నాలుగన్నవారు మూడున్నరకే వచ్చేశారు. వెనకే సుభాష్, చిన్నమ్మలు భర్త. గడ్డం పెరిగి ఉంది, చేతిలో ఆస్పత్రి చీటీల సంచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమైనా దొరికిందా?" అని నన్ను అడిగారు డాక్టరు గారు.

నేను నోరు తెరిచేలోగా రజని లేచింది. "దొరికింది సార్. ఆ రోజు డిస్కు వేరేది. నేనేమీ చెరపలేదు. కానీ గ్రూపు తప్పు పడింది నిజమే. రెండు ట్యూబుల పేర్లు మారిపోయాయి. తప్పు నాదే."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సుభాష్ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అంటే చెరపలేదు," అన్నాడు. "నేను ఊరంతా చెప్పాను రజనీ దీదీ, మీరు చెరిపేశారని."

"ఫరవాలేదు భయ్యా. బాబు ఎలా ఉన్నాడు?"

"పొద్దున్న పాలు తాగాడు."

అంతటితో అయిపోతుందనుకున్నాను. పొరపాటు ఒప్పుకున్న మనిషి మీద డాక్టరు గారు మరీ విరుచుకుపడే రకం కాదు. ఓ రెండు నెలలు ఇంట్లో కూర్చోమంటారు, తర్వాత చూద్దామంటారు. నేను తెర వైపు తిరిగాను. పదహారు శాతం.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. గురునాథరావు నిలబడ్డాడు. ప్లాంటులో ఫోర్‌మన్ ముందు నిలబడేవాళ్లు కాబోలు అలా, చేతులు రెండూ పక్కలకి వేలాడేసి.

"డాక్టరు గారూ, ఈ గుంట అబద్ధమాడతంది. ఆ రోజు జనం గుమ్మం దాకా ఉన్నారు. ఇది సూది గుచ్చి ట్యూబులు నా ముందరెట్టింది. పేర్లు రాసింది నాను."

"మీరా?" అన్నారు డాక్టరు గారు. "ట్యూబులు మీరు ముట్టుకోకూడదని మొదటి రోజే చెప్పాను కదా."

"సెప్పారు. ఇది కూడా వొద్దంది. మా అమ్ముకి మజ్జాన్నం స్కూలు టైమైపోతందని, బేగి అంపించీయాలని నానే లాక్కున్నాను. ముందు దాని పేరు రాసీసినాను, ఏ ట్యూబు మీద రాసినానో సూసుకోలేదు."

ఆయన చెప్పింది జరిగిందో, తమ్ముడి కూతుర్ని కాపాడుకోవడానికి అప్పటికప్పుడు అల్లాడో నాకు తేల్చుకోవడం చేతకాలేదు. అందుకని రజనిని చూశాను. ఏడుపు లేదు. అడ్డు చెప్పడం లేదు. అంత మాట విన్నాక మనిషి ముఖంలో ఎంతో కొంత ఆశ్చర్యం ఉండాలి కదా, అది అసలే లేదు. కాపీ తియ్యొద్దని అంతలా పట్టుపట్టింది తన కోసం కాదు, పెదనాన్న కోసమని నాకప్పుడు తెలిసింది. గంట కిందట తగ్గించుకున్న జాలికి సిగ్గేసింది.

ఆ ముఖం డాక్టరు గారు కూడా చూశారు. చదువుకున్న మనిషి, నాకన్నా ముందే చదివి ఉంటారు. వెళ్లి తలుపు దగ్గరగా వేసి, వచ్చి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నారు.

"పేర్లు తారుమారైన సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగారు.